మగతనం బాగానే ఉంది, శుక్రకణాలు లేవెందుకు?

ప్రశ్న: మాది కావలి దగ్గర పల్లె. రొయ్యల గుంటల మీద పని చేస్తాను. వయసు 31. పెళ్ళయి నాలుగేళ్ళు. పరీక్షలో శుక్రకణాలు ఒక్కటీ లేవన్నారు. బయాప్సీ రిపోర్టులో ‘మెచ్యూరేషన్ అరెస్ట్, లేడిగ్ కణాలు మామూలు’ అని ఉంది. గడ్డం, మీసం, కోరిక అన్నీ బాగున్నాయి. రిపోర్టు తప్పేమో? తెలిసినాయన టెస్టోస్టెరాన్ ఇంజెక్షన్లు వేయించుకోమంటున్నాడు. వేయించుకోవచ్చా?
– ఓ పాఠకుడు

జవాబు: ముందు ఆ ఇంజెక్షన్ సంగతి. వద్దు నాయనా, వేయించుకోవద్దు. ఎందుకో చెబుతాను.

నేను నెల్లూరు పొగతోటలో పెథాలజిస్టుని. బియ్యపుగింజంత ముక్క వస్తుంది మా దగ్గరికి, అందులోనే అంతా చూడాలి. (దాన్ని మామూలు ఫార్మలిన్‌లో వేసి పంపితే కణాల కేంద్రకాలు ముడుచుకుపోయి, శుక్రకణం తయారయ్యే మెట్లు సరిగా తెలియవు. పసుపుపచ్చటి బువాన్ ద్రావణంలో వేస్తే ఎంతో నయం.) వృషణం లోపల సుమారు 250 అరలుంటాయి. ఒక్కో అరలో ఒకటి నుంచి నాలుగు సన్నటి గొట్టాలు మెలికలు తిరిగి ఉంటాయి. సాగదీస్తే ఒక్కోటి అడుగు నుంచి రెండడుగులు వస్తుంది.

శుక్రకణం తయారయ్యేది ఆ గొట్టం గోడలో. స్లైడు మీద చూస్తే అంచున స్పెర్మటోగోనియా అనే తొలిమెట్టు కణాలు, వాటికి లోపలివైపు పెద్దపెద్ద ప్రైమరీ స్పెర్మటోసైట్లు, ఆపైన చిన్న గుండ్రటి స్పెర్మటిడ్లు, నడిమధ్యన శుక్రకణాల తోకలు. మొదటి మెట్టు నుంచి చివరి మెట్టుకి దాదాపు 74 రోజులు పడుతుంది. అంచు నుంచి నడిమి దాకా నిలబడి వీటన్నిటినీ సాకేవి సెర్టోలి కణాలు. ఇటలీకి చెందిన ఎన్రికో సెర్టోలి 1865లో వీటిని వర్ణించాడు.

మగ హార్మోను తయారయ్యేది మాత్రం ఈ గొట్టాల్లో కాదు. గొట్టానికీ గొట్టానికీ మధ్య సందుల్లో, గులాబిరంగులో గుంపులుగా కనిపించే లేడిగ్ కణాలు చేస్తాయా పని. నీ గడ్డం, మీసం, కోరిక వాటి చలవే. అవి బాగున్నాయి, గొట్టంలో పని ఆగింది. రెండూ ఒకే మనిషిలో ఉండొచ్చు. కాబట్టి గడ్డం మీసం చూసి రిపోర్టు తప్పనుకోవద్దు.

లేడిగ్ కణాలు చేసిన టెస్టోస్టెరాన్ అక్కడికక్కడే గొట్టాల్లోకి దిగుతుంది. అక్కడ దాని మోతాదు రక్తంలో కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. నువ్వు సూదితో ఎక్కించుకుంటే, రక్తంలో చాలినంత ఉందనుకుని మెదడు కింది పిట్యూటరీ గ్రంథి, వృషణాల చేత పని చేయించే ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ అనే హార్మోన్లను తగ్గించేస్తుంది. దాంతో లేడిగ్ కణాలు పని మానుకుంటాయి. కండలు పెరగొచ్చేమోగాని గొట్టాల్లో కరువే. శుక్రకణాలు బాగున్నవాళ్ళకే ఆ సూదులతో సంఖ్య పడిపోతుంది, ఇక నీకెందుకు?

‘అరెస్ట్’ అంటే పైన చెప్పిన మెట్లలో ఒకదాని దగ్గర పని ఆగిందని. చాలామందిలో ప్రైమరీ స్పెర్మటోసైట్ దగ్గరే ఆగుతుంది. నీకు ఎక్కడ ఆగిందో రిపోర్టులో లేకపోతే అడిగి రాయించుకో. క్రోమోజోముల పరీక్ష, వై క్రోమోజోము మైక్రోడిలీషన్ (అందులో చిన్న ముక్కలు లోపించాయేమో చూసే) పరీక్ష చేయించు. వృషణమంతా ఒకేలా ఉండనక్కర్లేదు. మైక్రోస్కోపు కింద వెతికి శుక్రకణాలు తీసే ఆపరేషన్‌లో కొందరికి దొరుకుతాయి, కొందరికి దొరకవు. ఆశ పెట్టుకోవచ్చుగానీ ఖాయమని చెప్పలేను.

ఈ నాలుగేళ్ళలో ఇంట్లో నీ భార్యను ఎవరైనా మాట అని ఉంటే, ఈ రిపోర్టు వాళ్ళ ముందు పెట్టు. ల్యాబులో స్లైడ్లు, నీ ముక్కను పొదిగిన మైనపు బ్లాకు ఉంటాయి. అవి తీసుకుని ఆండ్రాలజిస్టు (మగవాళ్ళ సంతాన సమస్యలు చూసే డాక్టరు) దగ్గరికి ఇద్దరూ కలిసి వెళ్ళండి.