టెక్ సందేహాలు: ప్యాకేజీ అప్‌డేట్ చేశాక సైట్ తెరుచుకోవట్లేదు

ప్రశ్న: మా ఆఫీసులో డాట్‌నెట్ ఫ్రేమ్‌వర్క్ 4.7.2 మీద నడిచే పాత ఏఎస్‌పీ డాట్‌నెట్ సైట్ ఉంది. జేసన్ డేటాను చదివి రాసే లైబ్రరీ న్యూటన్‌సాఫ్ట్ జేసన్‌ను 13.0.3కి అప్‌డేట్ చేశాను. బిల్డ్ బాగానే అయింది కానీ పేజీ తెరిస్తే దాని 6.0.0.0 అసెంబ్లీ (అంటే డీఎల్ఎల్ ఫైల్) లోడ్ కాలేదని ఎర్రర్. ఆ 6 నేనెక్కడా వాడలేదు! పాత డీఎల్ఎల్ తెచ్చి బిన్ ఫోల్డర్‌లో పెట్టేయనా?

జవాబు: వద్దండి, ఆ పని మాత్రం చేయకండి. పాతది పెడితే అదే పేరున్న కొత్త ఫైల్ పోతుంది, అప్పుడు మీ కోడ్ 13 ఏదని అడుగుతుంది. పైగా 13.0.1 కంటే ముందు వెర్షన్లలో, లోతుగా ఒకదానిలో ఒకటి ఇరికించిన జేసన్ పంపి సైట్‌ను పడగొట్టగలిగే లోపం ఉంది. కాబట్టి వెనక్కి వెళ్లొద్దు.

ఆ 6ను అడుగుతున్నది మీరు వాడే ఇంకో లైబ్రరీ. మైక్రోసాఫ్ట్ వారి వెబ్ ఏపీఐ లైబ్రరీ 5.2.3 ఉందేమో చూడండి, దాని క్లయింట్ ప్యాకేజీ తయారైందే న్యూటన్‌సాఫ్ట్ 6తో. స్ట్రాంగ్ నేమ్ (పేరు, వెర్షన్, సంతకం కలిసిన గుర్తింపు) ఉన్న అసెంబ్లీల విషయంలో పాత ఫ్రేమ్‌వర్క్ చాలా పట్టింపుగా ఉంటుంది, 6 అడిగిన చోట 13 కనిపించినా తీసుకోదు. తీసుకోమని సైట్ సెట్టింగుల ఫైలైన వెబ్ డాట్ కాన్ఫిగ్‌లో మనమే రాయాలి, దాన్నే బైండింగ్ రీడైరెక్ట్ అంటారు: పాత వెర్షన్ దగ్గర 0.0.0.0-13.0.0.0, కొత్త వెర్షన్ దగ్గర 13.0.0.0.

ఇక్కడే చాలామంది పొరపడతారు. ప్యాకేజీ వెర్షన్ 13.0.3 కదా అని 13.0.3.0 అని రాసేస్తారు, మళ్లీ అదే ఎర్రర్! ప్యాకేజీ వెర్షన్ వేరు, అసెంబ్లీ వెర్షన్ వేరు. విజువల్ స్టూడియోలో రిఫరెన్స్ ప్రాపర్టీస్‌లో కనిపించే నంబరే రాయాలి, ఈ డీఎల్ఎల్‌కు అది 13.0.0.0.

చేత్తో రాయడం టెన్షన్ అనిపిస్తే ప్యాకేజీ మేనేజర్ కన్సోల్‌లో యాడ్-బైండింగ్‌రీడైరెక్ట్ అని కొట్టి ప్రాజెక్ట్ పేరు ఇవ్వండి, అదే రాసిపెడుతుంది. మామూలు ఈఎక్స్ఈ ప్రాజెక్టులకు ఈ రీడైరెక్ట్‌లు బిల్డ్‌లోనే వచ్చేస్తాయి కానీ వెబ్ ప్రాజెక్టులో వార్నింగ్ మాత్రమే వస్తుంది, బిల్డ్ అయిపోయిందన్న సంతోషంలో దాన్ని ఎవరూ చదవరు. దయచేసి చదవండి.

ఒకసారి నాకు సగం రోజు పోయింది, నా మెషీన్‌లో అంతా సరే, సర్వర్‌లో మాత్రం ఎర్రర్. చివరికి చూస్తే సర్వర్‌లో పాత కాన్ఫిగ్ ఫైలే ఉంది. అందుకే డెప్లాయ్ చేశాక అక్కడి ఫైల్ కూడా తెరిచి చూడండి. రీడైరెక్ట్‌లు ఉండే అసెంబ్లీబైండింగ్ ట్యాగ్‌లో ఎక్స్ఎంఎల్‌ఎన్‌ఎస్ (నేమ్‌స్పేస్ చెప్పే అట్రిబ్యూట్) లేకపోతే మీరు రాసిందంతా ఫ్రేమ్‌వర్క్ చడీచప్పుడూ లేకుండా పక్కన పెట్టేస్తుంది, అదీ చూసుకోండి.

రీడైరెక్ట్ పెట్టాక సైట్ తెరుచుకున్నా, జేసన్ వాడే పేజీలన్నీ ఒకసారి నడిపి చూడండి. పాత లైబ్రరీ పిలిచే మెథడ్ కొత్తదాంట్లో లేకపోతే ఆ పేజీకి వెళ్లినప్పుడే మెథడ్ దొరకలేదన్న ఎర్రర్ వస్తుంది. అలా వస్తే వెబ్ ఏపీఐ ప్యాకేజీలనూ పైకి తీసుకెళ్లాల్సిందే.