ట్రేసింగ్ కాల్‌బ్యాక్‌లో రికర్షన్ లాక్ ఉన్నా ప్రీఎంప్షన్ హెచ్చరిక ఎందుకు వస్తోంది?

మీ సమస్య నాకు అర్థమైన మేరకు ఇది: లినక్స్ 5.15 కెర్నెల్‌పై ఎఫ్‌ట్రేస్‌కు (కెర్నెల్ ఫంక్షన్ల పిలుపులను గమనించే సాధనం) సొంత కాల్‌బ్యాక్ (ప్రతి పిలుపుకూ నడిచే ఫంక్షన్) జోడించి, ఒక్కో సీపీయూకు కేటాయించిన బఫర్‌లో ప్రతి ఫంక్షన్ పిలుపునూ నమోదు చేస్తున్నారు. ప్రీఎంప్ట్ కాగల (అంటే షెడ్యూలర్ మధ్యలో ఆపి మరో టాస్క్‌ను నడపగల) కోడ్‌లో ఎస్‌ఎంపీ ప్రాసెసర్ ఐడీ (ప్రస్తుత సీపీయూ సంఖ్యను ఇచ్చే పిలుపు) వాడుతున్నారన్న హెచ్చరిక లాగ్‌లో కనిపించింది. దాని బదులు, ఈ తనిఖీ చేయని ‘రా’ రకం పిలుపు పెట్టగానే హెచ్చరిక పోయింది గానీ, ఒక థ్రెడ్ రికార్డులో మరో థ్రెడ్ వివరాలు కలిసిపోతున్నాయి. రికర్షన్ లాక్ తీసుకున్నాక ఇలా ఎందుకు జరుగుతోందని అడిగారు.

ఏఆర్‌ఎం64 పరికరం ఒకదాని కెర్నెల్‌ను చూసుకునే బృందంలో ఉన్నప్పుడు ఇదే లోపాన్ని సరిచేశాను కాబట్టి కొంత వివరంగా చెబుతాను. ముందుగా ‘రా’ పిలుపును తీసేయండి. అది హెచ్చరికను ఆపుతుందే తప్ప లోపాన్ని ముట్టుకోదు.

రికర్షన్ లాక్ చేసే పని ఒక్కటే: కాల్‌బ్యాక్ పిలిచిన ఫంక్షన్ కూడా ట్రేస్ అవుతూ, మళ్లీ అదే కాల్‌బ్యాక్‌లోకి వచ్చి, స్టాక్ నిండిపోయే వరకూ తిరగకుండా అడ్డుకోవడం. ఆ లాక్ బిట్లు ఉండేది సీపీయూ దగ్గర కాదు, ప్రస్తుత టాస్క్ నిర్మాణంలో. మీ కాల్‌బ్యాక్ రికార్డును సగం రాసిన దశలో షెడ్యూలర్ ఆ టాస్క్‌ను పక్కన పెట్టి అదే సీపీయూ మీద రెండో టాస్క్‌ను నడిపిస్తే, రెండో టాస్క్ బిట్లు ఖాళీగానే ఉంటాయి కనుక అది ఏ అడ్డూ లేకుండా కాల్‌బ్యాక్‌లోకి వచ్చి అదే బఫర్‌లో రాసేస్తుంది. మొదటి టాస్క్ మరో సీపీయూకు మారి లేస్తే పాత సీపీయూ బఫర్‌లోనే రాయడం కొనసాగిస్తుంది. మీకు కనిపిస్తున్న కలగాపులగం ఇదే.

మెయిన్‌లైన్ (అధికారిక మూల) కెర్నెల్‌లో దీన్ని 5.16లో సరిచేశారు. అప్పటినుంచి రికర్షన్ ట్రైలాక్ (లాక్ తీసుకునే ప్రయత్నం) సఫలమైతే ప్రీఎంప్షన్ దానంతటదే ఆగుతుంది, అన్‌లాక్‌తో తిరిగి మొదలవుతుంది. ఆ మార్పుతో పాటే పెర్ఫ్ (పనితీరు కొలిచే సాధనం) కాల్‌బ్యాక్‌లో సీపీయూ సంఖ్యను పోల్చే తనిఖీని లాక్ తర్వాతకు జరిపారు. మీ కోడ్‌లోనూ సీపీయూ సంఖ్యను లాక్‌కు ముందే చదువుతున్నారేమో తప్పక చూడండి. 5.15లోనే ఉండాల్సి వస్తే, ట్రైలాక్ తర్వాత ప్రీఎంప్షన్‌ను మీరే ఆపాలి.

అయితే మామూలు ప్రీఎంప్ట్ డిసేబుల్ కాకుండా తాను ట్రేస్ కాని ‘నోట్రేస్’ రకాన్నే వాడండి. డీబగ్ ప్రీఎంప్ట్ (ప్రీఎంప్షన్ తప్పులను పట్టే కాన్ఫిగ్) ఉన్న కెర్నెల్‌లో మామూలు రకం నిజమైన ఫంక్షన్ పిలుపుగా మారుతుంది, ఆ ఫంక్షన్ కూడా ట్రేస్ అవుతుంది. ముగించేటప్పుడు 5.16లో ఉన్న వరసనే పాటించడం మేలు: ముందు ప్రీఎంప్షన్‌ను తిరిగి అనుమతించి, ఆ తర్వాతే రికర్షన్ బిట్‌ను తుడవాలి. ప్రీఎంప్షన్‌ను అనుమతించిన క్షణంలోనే షెడ్యూలర్ పిలుపు జరగవచ్చు. ఆ దారిలోని ఫంక్షన్లు ట్రేస్ అయినా బిట్ ఇంకా నిలిచి ఉండడం వల్ల కాల్‌బ్యాక్ అంతులేకుండా మళ్లీ మళ్లీ మొదలుకాదు.

మా కోడ్‌లో అంతకుముందు ఎవరో షెడ్యూలర్ పిలుపు అసలే జరగకూడదని, ప్రీఎంప్షన్‌ను తిరిగి అనుమతించేచోట ‘నో రీషెడ్యూల్’ రకాన్ని పెట్టి ఉంచారు. దాంతో రికర్షన్ ఆగింది గానీ, కాల్‌బ్యాక్ నడుస్తుండగా మేల్కొన్న అధిక ప్రాధాన్య థ్రెడ్ తర్వాతి అవకాశం దొరికేదాకా వేచి ఉండాల్సి వచ్చేది. ఆలస్యాలను కొలవడానికి పెట్టిన పనిముట్టే ఆలస్యాన్ని పుట్టించడం నాకు ఏమాత్రం అంగీకారం కాలేదు. ఆ దారిలో వెళ్లవద్దని గట్టిగా కోరుతున్నాను.

ప్రీఎంప్షన్ ఆపినా ఇంటరప్టులు వస్తూనే ఉంటాయి, వాటి ఫంక్షన్లూ ట్రేస్ అవుతాయి. రికర్షన్ బిట్లు మామూలు, సాఫ్ట్ ఐఆర్‌క్యూ (వాయిదా వేసిన ఇంటరప్ట్ పని), హార్డ్ ఐఆర్‌క్యూ (హార్డ్‌వేర్ ఇంటరప్ట్), ఎన్‌ఎంఐ (ఆపలేని ఇంటరప్ట్) సందర్భాలకు వేర్వేరుగా ఉంటాయి కాబట్టి ఇంటరప్ట్‌లోని కాల్‌బ్యాక్‌ను లాక్ ఆపదు. అందువల్ల సీపీయూకు ఒక్క బఫర్ చాలదు. ట్రేస్ ప్రింట్‌కే (ట్రేస్‌లో సందేశం రాసే పిలుపు) కెర్నెల్ సీపీయూకు నాలుగు అంచెల బఫర్లు ఉంచుతుంది. మీకు పిలుపుల లెక్క మాత్రమే చాలనుకుంటే ఇదంతా అక్కర్లేదు, దిస్ సీపీయూ ఇంక్ (ప్రస్తుత సీపీయూ లెక్కను ఒకటి పెంచే పిలుపు) ఒక్కటే సరిపోతుంది.

సరిచేశాక పరీక్షను ప్రీఎంప్షన్ లేని సర్వర్ కెర్నెల్‌పై చేయకండి. అక్కడ ప్రీఎంప్ట్ డిసేబుల్ కేవలం కంపైలర్ బ్యారియర్ (సూచనల వరస మార్చవద్దని కంపైలర్‌కు చెప్పేది), లోపం బయటపడదు. మీ కెర్నెల్‌లో ప్రీఎంప్ట్ డైనమిక్ (ప్రీఎంప్షన్ తీరును బూట్ సమయంలో ఎంచుకునే వీలు) ఉంటే బూట్ పారామీటర్‌గా ‘ప్రీఎంప్ట్=ఫుల్’ ఇచ్చి, డీబగ్ ప్రీఎంప్ట్‌తో పాటు ఎఫ్‌ట్రేస్ రికార్డ్ రికర్షన్ కాన్ఫిగ్‌ను కూడా పెట్టి, హ్యాక్‌బెంచ్ (షెడ్యూలర్‌పై భారం వేసే పరీక్ష) నడుస్తుండగా ట్రేస్ చేయండి. ట్రేసింగ్ ఫైలు వ్యవస్థ అయిన ట్రేస్‌ఎఫ్‌ఎస్‌లోని ‘రికర్స్‌డ్ ఫంక్షన్స్’ ఫైలులో మీ కాల్‌బ్యాక్ నుంచి వెళ్లిన ఫంక్షన్ల పేర్లు కనిపిస్తే, నోట్రేస్ కాని పిలుపు ఇంకా ఎక్కడో మిగిలి ఉందన్నమాట.