చాక్లెట్‌తో వంట: మీరడిగిన్రు, అక్క చెప్తున్నది

ప్రశ్న: అక్కా, బూరెలల్ల పెడదామని చాక్లెట్ కరగబెడుతుంటే ఒక్కసారి గడ్డకట్టి ఇసుక లెక్క అయింది. పారబొయ్యాల్నా? – ఒక చెల్లె, హన్మకొండ

జవాబు: పారబొయ్యకు చెల్లె. కింద మరిగే నీళ్ల ఆవిరి చుక్క గిన్నెల పడ్డా చాలు, చాక్లెట్ల ఉన్న చక్కెర, కోకో పొడి ఆ తడికి అంటుకొని గడ్డకడతయ్. దాంట్ల వేడి పాలు చెంచా చెంచా పోసుకుంట తిప్పు, మళ్ల నున్నగ సాస్ లెక్క అయితది. అయితే అది మళ్ల గట్టిగ పేరుకోదు, పాలల్లనో కోవాలనో కలుపుకో. ఇంకోసారి నీళ్లు పొగలు రాంగనే పొయ్యి బందు చేసి, పొడి గిన్నె నీళ్లకు తగలకుండ పైన పెట్టి తిప్పు, చాక్లెట్‌కు 50 డిగ్రీలు దాటిన వేడి అక్కర్లేదు.

అసలు బూరెలకైతే కరగబెట్టుడే వద్దంట నేను. నూనెల పడంగనే లోపలి చాక్లెట్ పల్చబడి, తోపు ఎక్కడ పగిలితే అక్కడ బయటికొస్తది. శనగపప్పు బెల్లం పూర్ణం దగ్గరికొచ్చినంక కప్పు పప్పుకు రెండు చెంచాల కోకో పొడి జల్లి కలుపు, కోకో తడిని పీల్చుకుంటది కాబట్టి ముద్ద మంచిగ గట్టిపడతది, ఆ కొంచెం చేదుకు బెల్లం రుచి ఇంకా తెలుస్తది.

ప్రశ్న: షాపుల చాక్లెట్ స్లాబులు ఒకటి సగం ధరకే ఇస్తున్నరు, తేడా ఏంది? ఎండకాలం తెల్లగ అయిన చాక్లెట్ తినొచ్చా? – కరీంనగర్

జవాబు: వెనక్కి తిప్పి చదువున్రి. కోకో బటర్, అంటే కోకో గింజల కొవ్వు, అని ఉంటే అసలు చాక్లెట్, వెజిటబుల్ ఫ్యాట్ అని ఉంటే కాంపౌండ్. కోకో బటర్ 34 డిగ్రీల దగ్గర్ల కరుగుతది, అందుకే నోట్లె ఏసుకోంగనే కరుగుతది, కాంపౌండ్ నాలుక మీద మైనం లెక్క ఉంటది. అచ్చులల్ల పోసేటోళ్లకు మన ఎండలకు కాంపౌండ్ సులువే, కూరల మాత్రం వెయ్యకున్రి. తెల్లగ అయింది బూజు కాదు, కరిగి మళ్ల పేరుకుంటే కొవ్వు పైకి తేలింది, తినొచ్చు, వంటకు బ్రహ్మాండంగ పనికొస్తది.

ప్రశ్న: చికెన్ కూరల చాక్లెట్ వేస్తరని మా బావ అంటున్నడు. నిజమేనా అక్కా? వేస్తే తియ్యగ కాదా? – జనగామ తమ్ముడు

జవాబు: నిజమే తమ్ముడూ, ఈ ప్రశ్న కోసమే నేను ఎదురుచూస్తున్న. మెక్సికోల ప్యూబ్లా అనే ఊరి పేరు మీద మోలె పొబ్లానో అని ఒక గ్రేవీ ఉంది, ఎండుమిర్చి, నువ్వులు, గింజలు, దాల్చినచెక్క, లవంగం అన్నీ వేయించి నూరి, ఆఖర్ల కొంచెం చాక్లెట్ వేసి కోడి మాంసం మీద పోస్తరు. జర ఆలోచించు, పల్లీలు, నువ్వులు వేయించి నూరి చింతపండు పులుసు పోసే మన బగారా వంకాయ మసాలకు అది ఎంత దగ్గరున్నదో! వాళ్ల దేశంల చక్కెర రాకముందు కోకోను మిరపకాయతోని కలిపి తాగేటోళ్లు, తీపి తర్వాత వచ్చి చేరింది. కోకో సహజంగ చేదు, మనం దాన్ని తీపి అనుకునుడు మానుకుంటే కూరల ఎట్ల వాడాల్నో అర్థమైతది.

వాళ్లు వాడే మిర్చి కారం తక్కువ, రంగు ఎక్కువ. మనకు వరంగల్ చపాటా మిర్చి ఉండనే ఉంది, 2025ల జీఐ గుర్తింపు, అంటే ఇది ఈ ప్రాంతం సరుకే అన్న ముద్ర, గూడ వచ్చింది. కిలో చికెన్‌కు ఎనిమిది చపాటా మిరపకాయలు గింజలు తీసి వేయించి వేడి నీళ్లల్ల నానబెట్టు. రెండేసి చెంచాల నువ్వులు, పల్లీలు, చిన్న దాల్చినచెక్క ముక్క, రెండు లవంగాలు వేయించి మిర్చితోని మెత్తగ నూరు. ఉల్లిగడ్డ, అల్లం ఎల్లిగడ్డ మగ్గినంక ఈ ముద్ద వేసి నూనె తేలేదాక వేయించి, చికెన్, ఉప్పు వేసి ఉడికించు, కొంచెం చింతపండు రసం పొయ్యి. ముక్క ఉడికినంక మంట తగ్గించి 70 శాతం డార్క్ చాక్లెట్ 20 గ్రాములు తురిమి వెయ్యి, లేకుంటే చక్కెర లేని కోకో రెండు చిన్న చెంచాలు వేడి పులుసుల కలిపి పొయ్యి. ఐదు నిమిషాలు తిప్పుకుంటనే ఉండు, అడుగంటిందంటే చేదెక్కుతది. పులుపు, కారం రెండూ మెత్తబడి గ్రేవీ చిక్కగ, నల్లెర్రగ వస్తది, తింటున్నోళ్లకు చాక్లెట్ అని తెల్వదు, తెలిసిందంటే ఎక్కువైనట్టే. మిల్క్ చాక్లెట్ వెయ్యకు, పాలు చక్కెర కలిసి కూర పాడైతది. బగారా అన్నంల తిని చూడు.

ప్రశ్న: సంక్రాంతికి సకినాల పిండిల కోకో కలపొచ్చా? – ములుగు

జవాబు: వద్దమ్మా. కోకో నూనెల తొందరగ మాడుతది, పైగా పిండి నల్లగ ఉంటే సకినం ఎంత కాలిందో రంగు చూసి తెలుసుకోరాదు, వాము నువ్వుల వాసన గూడ పోతది. పిల్లలు అడుగుతున్నరంటే గవ్వలు చెయ్యున్రి, ముదురు పాకం దించినంక చెంచాడు కోకో కలిపి గవ్వలు దాంట్ల దొర్లించున్రి.