పాత ఫోటోలోని అమెరికన్ లారీ ఏ కంపెనీదో ఎలా చెప్పాలి? బాడీని వదిలి ముక్కు చూడండి

1920కి ముందటి అమెరికన్ లారీ ఫోటో దొరికితే అది ఏ కంపెనీదో ఎలా గుర్తుపట్టాలని మీరు అడిగారు. ఫోటో వెనుక రాసి ఉన్న పేరునూ, లారీ మీది చెక్క బాడీనీ నమ్మవద్దన్నదే నా మొదటి మాట. ఆ రోజుల్లో చాలా కంపెనీలు ఛాసిస్, అంటే ఇంజిన్, చక్రాలు బిగించిన అడుగు చట్రం మాత్రమే అమ్మేవి. బాడీని, ఒక్కోసారి క్యాబిన్‌ను కూడా, కొన్నవారు తమ ఊళ్లో బండ్లు కట్టేవారి చేత చేయించుకునేవారు. చూడవలసినవి ఇంజిన్‌ను చల్లబరిచే రేడియేటర్, వెనుక చక్రాలను తిప్పే ఏర్పాటు, నంబర్ ప్లేట్.

నేను ఉండేది కాలిఫోర్నియాలోని సన్నీవేల్‌లో. మనవాళ్లు ఇన్ని వేలమంది సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేసుకుంటున్న ఈ శాంటా క్లారా లోయ ఒకప్పుడు ప్రూన్, ఆప్రికాట్ తోటలతో నిండి ఉండేది. మా పక్కింటి పెద్దావిడ తన తాతగారి తోటలో పండ్ల పెట్టెలు ఎక్కించిన లారీ ఫోటో ఒకటి చూపించారు. దాని వెనుక పెన్సిల్‌తో "మాక్, 1914" అని రాసి ఉంది. బానెట్ ముందుకు వాలి ఉండటమూ, ముందు రేడియేటర్ కనిపించకపోవడమూ చూసి ఆ ఇంట్లో అందరూ దాన్ని మాక్ కంపెనీ లారీల్లో "బుల్‌డాగ్" అని పేరుపడ్డ ఏసీ మోడల్ అనే నమ్ముతూ వచ్చారు. అయితే మాక్ ఏసీ వచ్చిందే 1916లో. పైగా రేడియేటర్‌ను ఇంజిన్ వెనుక పెట్టి, బానెట్‌ను వాలుగా దించే పద్ధతి మాక్ ఒక్కదానిదే కాదు. ఇంటర్నేషనల్ హార్వెస్టర్, కెల్లీ-స్ప్రింగ్‌ఫీల్డ్ లారీలు కూడా అప్పట్లో అదే తీరున ఉండేవి. ఏసీ వెనుక చక్రాలను ఇరుపక్కలా లావుపాటి గొలుసులు తిప్పుతాయి. ఈ ఫోటోలో వెనుక చక్రమూ దాని ముందు భాగమూ స్పష్టంగా కనిపిస్తున్నా గొలుసు జాడ లేదు.

ఇక ఏడాది సంగతి. కాలిఫోర్నియాలో 1916 నుంచి 1919 వరకు నంబర్ ప్లేటును అలాగే ఉంచి, ఏటా దానికి కొత్త ఆకారపు బిళ్ల ఒకటి తగిలించేవారు: 1916లో ఎలుగుబంటి, 1917లో పాపీ పువ్వు, 1918లో గంట, 1919లో నక్షత్రం. నలుపు తెలుపు ఫోటోలో రంగు తెలియకపోయినా ఆకారం తెలుస్తుంది. భూతద్దం పెట్టి చూస్తే గంట కనిపించింది. అంటే ఫోటో తీసింది 1918లో. లారీ అంతకంటే పాతదైనా కావచ్చు. ఆ కాలపు పత్రికా ప్రకటనల్లోని బొమ్మలతో బానెట్ వాలునూ, దాని పక్కనున్న గాలి చీలికలనూ పోల్చి, అది ఇంటర్నేషనల్ హార్వెస్టర్ లారీ అని తేల్చాను. పెద్దావిడకు ఆ తీర్పు అంతగా నచ్చలేదు. మాక్ ఉండటం వాళ్ల కుటుంబానికి ఒక హోదా.

ఫోటోలను "మెరుగుపరిచే" యాప్‌ల మీద నాకు చాలా కోపం ఉంది. రేడియేటర్ మీద మసకగా ఉన్న అక్షరాలను అవి స్పష్టం చేయవు, కొత్తవి పుట్టిస్తాయి. అలాంటి ఫోటో పంపి పేరు చెప్పమనేవారికి అసలు ప్రతిని పెద్ద సైజులో స్కాన్ చేసి పంపమనే జవాబిస్తాను. స్టీరింగ్ కుడివైపు ఉంది కాబట్టి బ్రిటిష్ లారీ అనేవారు మరికొందరు. మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు చాలా అమెరికన్ లారీలకు స్టీరింగ్ కుడివైపే ఉండేది. గాజు నెగటివ్‌ను తిరగేసి ప్రింటు వేసిన సందర్భాలూ లేకపోలేదు గాని, వెనుక దుకాణం బోర్డు మీది అక్షరాలు చూస్తే అది వెంటనే తెలిసిపోతుంది.

నిజమైన చిక్కంతా కాంటినెంటల్ లేదా బుడా కంపెనీల ఇంజిన్, టిమ్‌కెన్ కంపెనీ యాక్సిల్ (చక్రాల ఇరుసు) బయట కొని బిగించి, తమ పేరు పెట్టుకున్న చిన్న కంపెనీలతోనే. వాటికి రేడియేటర్ పై అంచున పోత పోసిన పేరో, చక్రం నడిమి హబ్ మీది పేరో కనిపించాలి. 1917-18లో అమెరికా సైన్యం కోసం తయారైన లిబర్టీ లారీలకు ఆ ఆధారం కూడా లేదు. ఒకే డిజైన్‌ను 15 కంపెనీలు కలిసి సుమారు 9,500 లారీలుగా తయారుచేశాయి. రేడియేటర్ మీద ఉండేది యూఎస్ఏ అన్న మూడు అక్షరాలే. అలాంటి ఫోటో మీ దగ్గర ఉంటే "లిబర్టీ" అని రాసుకోండి, కంపెనీ పేరు దగ్గర ఖాళీ వదిలేయండి.