కడుపు నిండినా చెయ్యి డబ్బాలోకే ఎందుకు పోతుంది?

"అన్నం తిన్న గంటకే ఏదో ఒకటి నమలాలనిపిస్తోంది, ఆకలేమీ లేదు, నాకు బొత్తిగా నిగ్రహం లేదా?" అని అడిగారు. ముందు మిమ్మల్ని మీరు తిట్టుకోవడం ఆపండి. నేనూ చాలా ఏళ్లు ఇలాగే కుమిలిపోయాను.

నాకు రాత్రి పదిన్నరకు జంతికల డబ్బా ఒళ్లో పెట్టుకుని ఫోన్ చూడటం అలవాటు. ఒకరోజు గమనించాను, మొదటి రెండు జంతికలకే వాము ఘాటు, వెన్న కమ్మదనం తెలిశాయి, ఆ తర్వాత నోటికి రుచే తెలియలేదు, అయినా డబ్బా అడుగున పొడి మిగిలేదాకా చెయ్యి ఆగలేదు. రుచి తెలియనప్పుడు మరి ఎందుకు తింటున్నట్టు?

దీనికి జవాబు ఎలుకల దగ్గర దొరికింది. అమెరికాలో మిషిగన్ యూనివర్సిటీకి చెందిన కెంట్ బెర్రిడ్జ్ బృందం 1989లో మెదడులో డోపమిన్ అనే రసాయనం దాదాపు పూర్తిగా పోయిన ఎలుకల మీద పరిశోధన వెలువరించింది. ఆ ఎలుకలు ఎదురుగా తిండి ఉన్నా ముట్టవు, గొట్టంతో పట్టాల్సిందే. కానీ నోట్లో తియ్యటి నీళ్లు పోస్తే మామూలు ఎలుకల్లాగే మూతి నాక్కుంటాయి! అంటే "కావాలి" అనిపించడం వేరు, తింటే హాయిగా ఉండటం వేరు. మొదటిది ఎక్కువగా డోపమిన్ పని, రెండోదాంట్లో మెదడు సొంతంగా తయారుచేసుకునే మార్ఫిన్‌లాంటి రసాయనాల పాత్ర పెద్దది. నా విషయంలో హాయి రెండో జంతికకే అయిపోయింది, "కావాలి" మాత్రం నడుస్తూనే ఉంది.

ఇంకోటి, వోల్‌ఫ్రామ్ షుల్ట్జ్ అనే మెదడు శాస్త్రవేత్త కోతుల మీద చేసిన ప్రయోగాల్లో, దీపం వెలిగితే పండ్లరసం వస్తుందని అలవాటయ్యాక డోపమిన్ కణాలు రసానికి బదులు ఆ దీపానికే స్పందించాయి. నాకు ఆ దీపం గడియారంలో రాత్రి పదిన్నర కావడం, చేతిలో ఫోన్, డబ్బా మూత చప్పుడు. మీకు బహుశా సందు చివర మిరపకాయ బజ్జీల నూనె వాసనేమో, చూసుకోండి.

నేను జంతికలు మానలేదు, మానాలని కూడా అనుకోలేదు. సాయంత్రం టీతో నాలుగు చిన్న ప్లేటులో పెట్టుకుని, ఫోన్ వేరే గదిలో వదిలేసి తింటున్నాను. మొదటి వారం రాత్రి పదిన్నరకు ప్రాణం లాగేసింది, నిజం. నెల తిరిగేసరికి తగ్గింది. ఒకవేళ మీరు ఎవరికీ తెలియకుండా, కడుపు నొప్పి వచ్చేదాకా తింటూ ఆపుకోలేకపోతుంటే మాత్రం ఈ చిట్కాలు చాలవండీ, సిగ్గుపడకుండా డాక్టర్‌కి చెప్పండి, దానికి వైద్యం ఉంది.