గానుగ కొబ్బరినూనెతో బరువు తగ్గుతామా?

ప్రశ్న: వేరుసెనగ నూనె మానేసి గానుగ కొబ్బరినూనె వాడితే ఒంట్లో కొవ్వు కరుగుతుందంటున్నారు. మేం నలుగురం, నెలకు 5 లీటర్లవుతోంది. మార్చమంటారా?
– ఒక గృహిణి, గుంటూరు

జవాబు: బరువు కోసమైతే మార్చకండి. గానుగదైనా రిఫైన్డ్‌దైనా గ్రాము నూనెకు 9 కేలరీలే. కాప్రిలిక్, కాప్రిక్ అనే కొవ్వు ఆమ్లాలు పేగుల నుంచి నేరుగా కాలేయానికి వెళ్లి త్వరగా ఖర్చవుతాయన్నది నిజమే. కానీ కొబ్బరినూనెలో అవి తక్కువ. దాదాపు సగం లారిక్ అనే మరో కొవ్వు ఆమ్లమే. అది చాలావరకు మామూలు కొవ్వుల దారిలోనే రక్తంలోకి చేరుతుంది. పైగా ఈ నూనె చెడు కొలెస్టరాల్‌ను పెంచుతుంది.

మీ అసలు చిక్కు ఆ 5 లీటర్లు. లీటరు నూనె సుమారు 910 గ్రాములు. అంటే మనిషికి రోజుకు 38 గ్రాములు, దాదాపు 340 కేలరీలు! 3 లీటర్లకు దించితే 23 గ్రాములకు వస్తుంది. పొద్దున్నే 100 మిల్లీలీటర్లు కొలిచి గిన్నెలో పోసుకోండి. పోపులు, వేపుళ్లు, దోసెలు అన్నీ అందులోనే. సీసాలోంచి నేరుగా మూకుట్లోకి వంపితే లెక్క తప్పుతుంది.

వంకాయ స్పంజిలా నూనె పీల్చేస్తుంది. ముక్కల్ని ముందు ఆవిరి మీద సగం ఉడికించి, తర్వాత 2 చెంచాల నూనెలో వేయించండి. పూరీలకు నూనె బాగా కాగాలి. చిన్న పిండి ముక్క వేస్తే వెంటనే పైకి తేలాలి. అడుగునే ఉండిపోతే పూరీ నూనె తాగేస్తుంది. వేయించగా మిగిలిన నూనెను వడకట్టి ఒకటి రెండు రోజుల్లో పోపులకు వాడేయండి. పూరీల్లాంటివి వేయించడానికి దాన్నే మళ్లీ కాచొద్దు.