టీవీ ఆగిపోయిందా? ముందు ఎర్ర లైటు చూడండి

ప్రశ్న: అన్నయ్యగారూ, మాది విజయవాడ అజిత్‌సింగ్ నగర్. మా 43 అంగుళాల స్మార్ట్ టీవీ కొని మూడేళ్ళు దాటింది. ఈమధ్య చూస్తుండగానే టప్‌మని ఆగిపోతోంది. ఒక్కోసారి దానంతటదే కంపెనీ లోగో పడి మళ్ళీ వస్తుంది, ఒక్కోసారి రిమోట్ నొక్కితేగానీ రాదు. పగలు పెద్దగా ఉండదు, రాత్రి ఏడు దాటాక మొదలవుతుంది. ఇంటికొచ్చిన మెకానిక్ మదర్‌బోర్డు పోయింది, తొమ్మిది వేలవుతుంది అన్నాడు. మావారేమో దానికి ఇంకాస్త కలిపితే కొత్తదే వస్తుందిగా అంటున్నారు. ఎదురింటివాళ్ళు స్టెబిలైజర్ పెట్టమంటున్నారు. ఫ్యాక్టరీ రీసెట్ కూడా చేశాం. బుడమేరు వరదప్పుడు ఇంట్లోకి నడుము లోతు నీళ్ళొచ్చాయి గానీ టీవీ గోడకి పైన ఉండబట్టి తడవలేదు. టీవీ పోయినప్పుడల్లా కేబుల్ బాక్సు కూడా మొదట్నుంచీ మొదలెడుతోంది, అదొక గోల. ఏం చెయ్యమంటారు? – ఒక గృహిణి

జవాబు: చెల్లెమ్మా, ఆ తొమ్మిది వేలు ప్రస్తుతానికి బీరువాలోనే ఉంచండి. చివర్లో మీరు విసుక్కుంటూ రాసిన మాటే నాకు అసలు సంగతి చెప్పింది. కేబుల్ బాక్సుకి వేరే అడాప్టరు, వేరే బోర్డు. టీవీ మదర్‌బోర్డు పాడైతే టీవీ ఆగాలి, బాక్సుకేం రోగం? రెండూ ఒకేసారి పోతున్నాయంటే, ఆ రెండింటికీ కరెంటు ఎక్కణ్ణుంచి వస్తోందో అక్కడ చూడాలి. గోడలో ప్లగ్ పాయింటు, దాన్నుంచి లాగిన ఎక్స్‌టెన్షన్ బోర్డు. మీ మెకానిక్ టీవీ వెనక మూత విప్పాడే తప్ప గోడ వైపు చూసినట్టు లేడు.

2024 సెప్టెంబరు 1న బుడమేరు మీ సింగ్ నగర్ మీద పడింది. టీవీ తడవలేదన్నారు, నిజమే. మరి టీవీ పాయింటు ఎంత ఎత్తులో ఉంది? వైర్లు కనబడకూడదని మన ఇళ్ళల్లో టీవీ స్టాండు వెనక, నేలకి అడుగు, అడుగున్నర ఎత్తులో పెట్టించుకుంటాం. నడుము లోతు నీళ్ళొచ్చాయంటే ఆ పాయింటు మునిగినట్టే. నీళ్ళు తీశాక పైపైన తుడిచి, ఆరబెట్టి, పనిచేస్తోందిగా అని వాడుకుంటూ ఉంటారు. మీ పేటలో చాలామంది చేసింది అదే. ఆ రోజుల్లో మా గవర్నర్‌పేట షాపుకొచ్చిన ఎక్స్‌టెన్షన్ బోర్డులు విప్పితే లోపలి బురద ఎండిన అప్పడంలా పెచ్చులు పెచ్చులుగా ఊడొచ్చేది. దాని కింద ఇత్తడి రేకులు పచ్చగా చిలుం పట్టి ఉండేవి. ప్లగ్ పిన్నుని బిగించి పట్టుకోవాల్సిన చోట వేలితో నొక్కితే వంగిపోయేవి.

చిలుం పట్టిన చోట కరెంటు సాఫీగా పోదు, వేడెక్కుతుంది. ఆ వేడికి రేకు ఇంకా వదులై, పిన్నుకీ రేకుకీ మధ్య సందు వస్తుంది. అక్కడ సన్నగా నిప్పురవ్వ లేస్తుంది. కరెంటు రెప్పపాటు పోతే టీవీలో పవర్ సప్లై తట్టుకుంటుంది, అంతకంటే ఎక్కువసేపు పోతే ఆగిపోయి మళ్ళీ లోగోతో మొదలవుతుంది. రాత్రి ఏడు దాటాకే ఎందుకంటే, లైట్లు, ఫ్యాన్లు, కూలరు అన్నీ ఇంటిల్లిపాదీ అప్పుడే వేస్తారు కదా. ఒక పాయింటు నుంచి ఇంకో పాయింటుకి వైరు లాగిన ఇళ్ళల్లో ఆ లోడంతా ఈ వదులు జాయింటు మీదుగానే పోతూ ఉండొచ్చు.

ఖర్చు లేని పరీక్ష ఒకటి ఉంది. నీళ్ళు అందని ఎత్తులో ఉన్న పాయింటు, వంటింటి గట్టు మీద మిక్సీ పెట్టేది ఉంటుంది చూడండి, దాన్నుంచి మంచి ఎక్స్‌టెన్షన్ బోర్డు లాగండి. వరదలో తడిసిన బోర్డు మాత్రం వద్దు. టీవీ, బాక్సు రెండూ దానికే పెట్టి రెండు మూడు రాత్రులు చూడండి. ఆగకపోతే టీవీ గుండ్రాయిలా ఉన్నట్టే. ఎలక్ట్రీషియన్ని పిలిచి, మెయిన్ ఆఫ్ చేయించి, ఆ పాయింటు విప్పించండి. గరుకు కాగితంతో రుద్ది బాగుచేస్తానంటే ఒప్పుకోవద్దు. ఐఎస్ఐ గుర్తున్న కొత్త సాకెట్ వేయించండి, వైరు కొసలు నల్లబడిన మేర కత్తిరించి కొత్త రాగి బిగించమనండి. ఎర్తింగు కూడా చూడమనండి. ఫ్రిజ్ పాయింటు, వాషింగ్ మెషిన్ పాయింటు కూడా అప్పుడు మునిగినవే కదా, వాటినీ విప్పించండి. టీవీ ఆగితే సీరియల్ పోతుంది, అంతే. ఫ్రిజ్ పాయింటు మండితే ఇల్లు పోతుంది.

ఒకవేళ టీవీ ఆగే సమయానికి ఇంట్లో లైట్లు కూడా ఉన్నట్టుండి బాగా వెలగడం, మళ్ళీ గుడ్డిగా అయిపోవడం జరుగుతుంటే సంగతి వేరు. అది న్యూట్రల్, అంటే కరెంటు తిరిగిపోయే వైరు, వదులైన లక్షణం. అలాంటప్పుడు 230 ఉండాల్సిన వోల్టేజీ పైకి ఎగబాకుతుంది, ఇంట్లో సామాన్లు వరసగా కాలిపోతాయి. ప్లగ్గులన్నీ పీకేసి 1912కి ఫోన్ చేసి లైన్‌మన్‌ని రప్పించండి, తెల్లారేదాకా ఆగొద్దు.

ఇక స్టెబిలైజర్. టీవీ వెనక స్టిక్కర్ మీద చిన్న అక్షరాల్లో వోల్టేజీ రాసి ఉంటుంది. 100–240 అని ఉంటే మీ పేటలో రాత్రిపూట తగ్గే వోల్టేజీ దానికి లెక్కే కాదు. లోపల దాని పని అదే చూసుకుంటుంది. నాసిరకం స్టెబిలైజర్ పెడితే అందులో వోల్టేజీ మార్చే స్విచ్చు, రిలే అంటారు, అది టక్‌మన్నప్పుడల్లా టీవీ ఆగడం నేను చాలా ఇళ్ళల్లో చూశాను. ఫ్యాక్టరీ రీసెట్‌ని జ్వరానికి మాత్ర వేసినట్టు వేస్తున్నారు అందరూ. గోడలో జబ్బుకి అది మందు కాదు, పాస్‌వర్డులన్నీ మళ్ళీ కొట్టుకోవడం తప్ప ఒరిగేదేం లేదు.

టీవీ దానంతటదే ఆగిపోతోందని వచ్చిన ఉత్తరాలు బల్ల మీద ఇంకా చాలా ఉన్నాయి. అన్నింటిలోనూ ‘ఆగిపోతోంది’ అని మాత్రమే రాస్తున్నారు. ఎలా ఆగుతోందో రాయండి, సగం రోగం అక్కడే తెలుస్తుంది. ఆగిన వెంటనే రిమోట్ కోసం వెతక్కుండా టీవీ దగ్గరికెళ్ళి కింది అంచున ఉండే చిన్న లైటు చూడండి. చాలా టీవీల్లో అది ఎర్రగా ఉంటుంది. అది పూర్తిగా ఆరిపోయిందంటే కరెంటు అందడం లేదు, లేదా లోపల పవర్ బోర్డు మొరాయించింది. నిలకడగా వెలుగుతుంటే, నొక్కగానే లోగో లేకుండా బొమ్మ వచ్చేస్తే, టీవీకి జబ్బు లేదు. ఎవరో ఆగమన్నారు, అది ఆగింది. టైమరో, రిమోటో, పక్కనున్న బాక్సో. లైటు మిణుకుమిణుకుమంటుంటే లోపల ఏదో భాగం దెబ్బతిని టీవీ తనని తాను కాపాడుకుంటోందన్నమాట. సోనీ లాంటి వాటిలో ఎన్నిసార్లు మిణికి ఆగుతోందో లెక్కపెట్టి మెకానిక్‌కి చెబితే ఏ భాగమో అతనికి తెలిసిపోతుంది. లైటు కనబడకుండా సెట్టింగ్స్‌లో ఆఫ్ చేసుకున్నవాళ్ళు ముందు దాన్ని ఆన్ చేసుకోండి.

ప్రశ్న: గుంటూరు బ్రాడీపేటలో ఉంటాను. రిటైర్డ్ టీచర్ని. యూట్యూబ్‌లో పాత పాటలు పెట్టుకుని పడక కుర్చీలో కూర్చుంటాను. గంటలకొద్దీ బాగానే ఉండి హఠాత్తుగా ఆఫ్ అయిపోతుంది. మళ్ళీ నొక్కితే మామూలే. సెలవులకి మనవడు వచ్చి వెళ్ళినప్పట్నుంచీ ఇదే వరస.

జవాబు: మాస్టారూ, మీ టీవీకి ఏ జబ్బూ లేదు, మీరు నిద్రపోయారనుకుంటోంది. చాలాసేపు ఎవరూ రిమోట్ ముట్టుకోకపోతే కరెంటు ఆదా కోసం ఆగిపోయే ఏర్పాటు ఇప్పటి స్మార్ట్ టీవీల్లో దాదాపు అన్నింటిలో ఉంది. చాలావాటిలో నాలుగు గంటలకి పెట్టి ఉంటుంది. సెట్టింగ్స్‌లో పవర్ అనో, ఎనర్జీ సేవింగ్ అనో ఉన్నచోట వెతకండి. ఎల్జీలో ఆటో పవర్ ఆఫ్ అనీ, సోనీలో ఐడిల్ టీవీ స్టాండ్‌బై అనీ ఉంటుంది. దాన్ని ఆఫ్‌లో పెట్టండి. అక్కడే స్లీప్ టైమర్ కూడా చూడండి, మనవడి చెయ్యి దాని మీద పడి ఉండొచ్చు.

ఇంకొకటి కూడా ఉంది. హెచ్‌డీఎంఐ వైరుతో కలిపిన బాక్సు గానీ, స్టిక్కు గానీ నిద్రలోకి పోతూ టీవీని కూడా తనతోపాటు ఆపేస్తుంది. ఒకే రిమోట్‌తో అన్నీ నడవాలని పెట్టిన సదుపాయం అది. శాంసంగ్‌లో ఎనీనెట్ ప్లస్, ఎల్జీలో సింప్లింక్, సోనీలో బ్రావియా సింక్ అని రకరకాల పేర్లు, లోపల సంగతి ఒకటే. టైమర్లన్నీ తీసేసినా ఆగుతుంటే దాన్ని కూడా ఆఫ్ చేసి చూడండి.

ప్రశ్న: మాది గుంటూరు పట్టాభిపురం. టీవీ ఆఫ్ అవడమే కాదు, దానంతటదే సౌండ్ పెరుగుతుంది, మెనూ వస్తుంది. మా అత్తగారు ఇంటికి గాలి సోకిందంటున్నారు. మెకానిక్ వచ్చినప్పుడు మాత్రం బుద్ధిగా ఉంటుంది.

జవాబు: అమ్మాయ్, గాలీ లేదు ధూళీ లేదు. రిమోట్‌లోంచి బ్యాటరీలు తీసేసి ఒక సాయంత్రం టీవీ మీద బటన్‌తోనే నడపండి. ఆ గోల ఆగిపోతే దొంగ రిమోటే. అనుమానం తీరకపోతే బ్యాటరీలు మళ్ళీ వేసి, ఏ బటనూ నొక్కకుండా రిమోట్ మూతిని ఫోన్ సెల్ఫీ కెమెరాకి చూపించండి. కంటికి కనబడని ఆ కిరణం కెమెరాలో ఊదా రంగు చుక్కలా కనబడుతుంది. ఎవరూ నొక్కకుండానే అది మిణుకుతుంటే ఏదో బటన్ లోపల అతుక్కుపోయిందని అర్థం. బ్లూటూత్ రిమోట్లకి ఈ కెమెరా పరీక్ష అన్నివేళలా పనికిరాదు, బ్యాటరీల పరీక్ష మాత్రం దేనికైనా సరిపోతుంది.

మన జిల్లాల రిమోట్లు విప్పితే ఒక సంగతి కనబడుతుంది. రబ్బరు బటన్ల కింద నూనె జిడ్డు. అన్నంలో ఆవకాయ కలుపుకుంటూ అదే చేత్తో ఛానెల్ మార్చేది మనమే. దానికి ప్లాస్టిక్ కవరు తొడిగామని ధీమా, ఆ కవరు చిరిగి ఎన్నాళ్ళయిందో చూసుకోం. శుభ్రం చేయించవచ్చు గానీ, అదే మోడల్ రిమోట్ కొత్తది కొనుక్కుంటే సుఖం.

రిమోట్ తీసేసినా గోల ఆగలేదంటే టీవీ కిందో వెనకో ఉండే పవర్ బటన్ దగ్గర చెమ్మో, దుమ్మో చేరి ఉంటుంది. దాన్ని మెకానిక్ చూడాలి. ఈసారి టీవీ వేషాలేస్తున్నప్పుడు ఫోన్‌తో వీడియో తీసి ఉంచండి, అతను వచ్చినప్పుడు అది బుద్ధిగా ఉన్నా చూపించడానికి ఉంటుంది.

ప్రశ్న: విజయవాడ పటమటలో పై అంతస్తు. హాల్లో పడమటి గోడకి చెక్క అలమర చేయించి అందులో టీవీ బిగించాం. ఎండాకాలం మధ్యాహ్నం గంటసేపు చూడగానే ఆగిపోతుంది. చల్లబడ్డాక మామూలే. ఇప్పుడు కొత్తగా ఇంకో తేడా, అప్పుడప్పుడు బొమ్మ పోయి మాటలు మాత్రం వినిపిస్తున్నాయి.

జవాబు: టీవీతోపాటు వచ్చిన పుస్తకం తీసి చూడండి, పనిచేసే వేడి 40 డిగ్రీల వరకే అని రాసి ఉంటుంది. మే నెలలో బెజవాడ ఎండ దాన్ని బయటే దాటేస్తుంది. ఇక మీరు పడమటెండ పడే గోడకి, పై అంతస్తులో, మూడు వైపులా చెక్క మూసి పెట్టారు. టీవీ వెనక పైభాగంలో సన్నటి కంతలుంటాయి, వేడి అక్కణ్ణుంచే పోవాలి. మీ వడ్రంగి అందంగా కలిపేసిన ఆ పై చెక్క తీయించండి. చుట్టూ కనీసం నాలుగంగుళాల ఖాళీ ఉండాలి. వీలైతే గోడే మార్చండి. అలమరలోనే కింద దీపం వెలిగించి అగరొత్తులు పెట్టే అలవాటుంటే దేవుణ్ణి ఇంకో చోటికి మార్చండి, ఆయనేమీ అనుకోడు.

రెండో సంగతి ఆ వేడి మిగిల్చిందే అనుకుంటాను. మాటలు వినిపించి బొమ్మ పోయినప్పుడు గదిలో లైట్లార్పి, టార్చి తెరకి దగ్గరగా ఏటవాలుగా కొట్టి చూడండి. మనుషులు కదులుతున్నట్టు మసగ్గా కనబడితే తెర బాగానే ఉంది, దాని వెనక వెలగాల్సిన ఎల్ఈడీ పట్టీలు పోతున్నాయి. ఆ పట్టీలు మార్చడం ప్యానెల్, అంటే తెర మొత్తం, మార్చడంతో పోలిస్తే చాలా చవక, కాబట్టి ప్యానెల్ పోయిందని ఎవరన్నా అంటే ఆ టార్చి పరీక్ష అతని ముందే చెయ్యండి. మార్పించాక సెట్టింగ్స్‌లో బ్యాక్‌లైట్ నూటికి నూరు పెట్టకుండా అరవై, డెబ్బై దగ్గర ఉంచుకోండి. మీరు మాత్రం వెనక మూత విప్పకండి. ప్లగ్ పీకేసినా పవర్ బోర్డు మీది పెద్ద కెపాసిటర్‌లో 300 వోల్టులపైనే కాసేపు నిలవుంటుంది.